ఫొటో తీయనిచ్చారు సరే, ఎక్కడ పెట్టమన్నారు?

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర నాడు, మధ్యాహ్నానికి విజయనగరం మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. చదురుగుడి నుంచి కోట దాకా మేడల మీద, పిట్టగోడల మీద, దుకాణాల రేకుల మీద అంతా జనమే. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అన్నీ ఊరేగుతాయి. సిరిమాను అనే పొడవాటి చింతమాను చివర కూర్చున్న పూజారి గాల్లో ఊగుతూ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతారు.

కొన్నేళ్ల కిందట ఆ జాతరలో నేనొక ఫొటో తీశాను. పైన సిరిమాను, కింద తలలు, ఆ తలల మధ్య అరటిపండు విసరబోతున్న ఒక ఆడమనిషి. చెయ్యి గాల్లో ఉంది, మొహమంతా నవ్వు, చెంప మీద సాయంత్రపు ఎండ. అలాంటిది ఏడాదికి ఒకటి దొరికితే గొప్ప. ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టాను. తెల్లారేసరికి అది మా జిల్లా వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. నేనూ మురిసిపోయాను.

పది రోజులకి ఒక కుర్రాడు నా నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాడు. ఆ ఫొటోలో ఉన్నది వాళ్ల అప్ప, అంటే అక్క. ఆమె మామగారు పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఇంట్లో ఏటి సూతకం, పండగలూ జాతరలూ లేవు. పుట్టింటికని వచ్చిన మనిషి చెల్లెళ్లతో కలిసి అమ్మవారిని చూసుకుని, ఆ చీకటికే తిరిగి వెళ్లిపోయింది. ఈలోగా ఆడపడుచు ఫోన్లో నా ఫొటో తేలింది. "ఫొటో బాగుందన్నా, కాదనను. అందులో మా అప్ప ఎందుకు? ఆ ఇంట్లో దానికి నోరు నేకుండా పోనాది" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఫొటో తీసేశాను. కానీ అప్పటికే అది నా చేతిలో లేదు.

చట్టప్రకారం నేను తప్పు చేశానా అని తెలిసిన లాయర్లను అడిగాను. "నడివీధిలో, వేలమంది మధ్య, పండగనాడు తీశావు. ఏం తప్పు?" అన్నారు. మన దేశంలో బహిరంగ స్థలంలో మనుషుల్ని ఫొటో తియ్యడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం లేదన్నది నిజమే. కానీ ఆ కుర్రాడు నన్ను ఫొటో ఎందుకు తీశావని అడగలేదు. తీసినప్పుడు ఆమె పక్కన నిలబడి చూసినవాళ్లు ఓ యాభై మంది ఉంటారు. వాళ్లలో ఎవరికీ ఆమె అత్తవారి ఊరు తెలీదు. యాభై మంది చూసి మర్చిపోయే క్షణాన్ని నేను ఆడపడుచు ఫోన్ దాకా మోసుకెళ్లాను. చిక్కంతా ఆ మోతలోనే ఉంది. ఫొటో తియ్యడం ఒక పని, దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం ఇంకో పని. మన వాదనలన్నీ మొదటి దాని చుట్టూ తిరుగుతుంటే నష్టాలన్నీ రెండోదాని దగ్గర జరుగుతున్నాయి.

వీధిలోకి వచ్చినంత మాత్రాన

ఈ గొడవ ఫోన్లతో పుట్టలేదు. 1888లో కొడాక్ అనే పేరుతో చేతిలో ఇమిడే కెమెరా అమ్మకానికి వచ్చింది. అంతకుముందు ఫొటో దిగాలంటే స్టూడియోకి వెళ్లి, కదలకుండా కూర్చుని, మనంతట మనం మొహం ఇవ్వాలి. చేతి కెమెరా వచ్చాక అవతలివాడికి తెలియకుండానే తీసెయ్యొచ్చు. రెండేళ్లకే, 1890లో, వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు అమెరికన్ లాయర్లు ప్రైవసీ హక్కు మీద ఒక వ్యాసం రాశారు. ఇప్పటికీ న్యాయవాదులు దాన్ని ఉటంకిస్తారు. వాళ్ల కంగారుకి కారణం క్షణంలో తీసే ఫొటోలు, వాటిని అచ్చేసే పత్రికలు.

మన సుప్రీంకోర్టు దగ్గరికి ఈ మాట 1994లో ఒక తమిళ పత్రిక కేసుగా వచ్చింది. ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక అచ్చెయ్యొచ్చా అన్నది తగాదా. మనిషిని అతని మానాన అతన్ని వదిలెయ్యాలన్న హక్కు ఉందని కోర్టు ఆ తీర్పులో చెప్పింది. దానికి మినహాయింపులూ చెప్పింది. పబ్లిక్ రికార్డుల్లో ఉన్న సంగతులు రాయొచ్చు. ప్రభుత్వ పదవిలో ఉన్నవాళ్లు ఆ పదవి పని చేస్తున్నప్పటి సంగతులు రాయొచ్చు. కాబట్టి రిబ్బను కత్తిరిస్తున్న మంత్రి, సభలో కునుకు తీస్తున్న అధికారి తమ ఫొటో వేశారని అలగడానికి వీల్లేదు. పక్కన కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ అటెండరు సంగతి వేరు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు ప్రైవసీని ప్రాథమిక హక్కుగా గుర్తించారు. ఆధార్ గొడవల వల్ల అందరికీ తెలిసిన తీర్పే గానీ, అందులో మనకు కావలసిన మాట మరుగున పడిపోయింది. ప్రైవసీ మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందనీ, బహిరంగ స్థలంలో అడుగుపెట్టినంత మాత్రాన దాన్ని వదులుకున్నట్టు కాదనీ అందులో ఉంది. అంటే "వీధిలోకి వచ్చావుగా, ఇంకేముంది" అనే వాదన అంత గట్టిదేమీ కాదు.

గుంపులో ఉన్న మనిషికీ గుంపులోంచి ఏరిన మనిషికీ తేడా ఎక్కడ? ఈ ప్రశ్న కెనడాలో చక్కగా విచారణకొచ్చింది. మాంట్రియల్ నగరంలో 17 ఏళ్ల అమ్మాయి ఒక భవనం మెట్ల మీద కూర్చుని ఉంటే ఎవరో ఫొటో తీశారు. ఒక కళల పత్రిక దాన్ని అచ్చేసింది. ఆ ఫొటోలో అసభ్యం ఏమీ లేదు. ఆ సంచిక అమ్ముడైంది వందల్లోనే. కానీ స్నేహితులు చూసి నవ్వారు, ఆమె కోర్టుకెక్కింది. 1998లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆమెకే 2000 డాలర్ల పరిహారం ఖాయం చేసింది. ఆట చూడ్డానికో ఊరేగింపుకో వెళ్లి, ఫొటోలో అనుకోకుండా పడిన మనిషి అభ్యంతరం చెప్పడానికి వీల్లేదనీ, ఆ మనిషే ఫొటోకి ప్రధాన వస్తువైనప్పుడు సంగతి మారుతుందనీ కోర్టు తేడా చూపింది. అది క్యుబెక్ రాష్ట్రపు చట్టం, మనకు వర్తించదు. కానీ ఆ కొలబద్ద పనికొస్తుంది. నా సిరిమాను ఫొటోని దానితో కొలిచాను. వేల తలలున్నా ఫోకస్ ఒక్క మొహం మీదే ఉంది. నేను తీసింది జాతర ఫొటో అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి తీసింది ఆమె ఫొటో.

చట్టమే విడదీసిన రెండు పనులు

తియ్యడం, పంచడం వేరని నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆడవాళ్లను చాటుగా చిత్రీకరించడం గురించి 2013లో ఐపీసీలో చేర్చిన 354సి సెక్షన్ (ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్) వివరణ చూడండి. ఆంతరంగిక దృశ్యాన్ని చిత్రీకరించడానికి ఆమె ఒప్పుకున్నా సరే, వేరేవాళ్లకు పంచడానికి ఒప్పుకోకపోతే ఆ పంచడం నేరమే. ఆ సెక్షన్ పరిధి చిన్నది, జాతర ఫొటోలకు తగలదు. కానీ ఒకసారి అన్న ‘సరే’ రెండు పనులకీ చెల్లదన్న తర్కం అచ్చంగా అందులో ఉంది.

ఇప్పుడు అందరి నోటా నలుగుతున్న చట్టం డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. 2023 ఆగస్టులో ఆమోదం పొందింది, 2025 నవంబరులో దాని నిబంధనలు నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే నెల. ఒక మనిషిని గుర్తుపట్టగలిగే ఏ సమాచారమైనా ఈ చట్టం దృష్టిలో వ్యక్తిగత డేటాయే. మొహం కనబడే డిజిటల్ ఫొటోకి మించిన ఉదాహరణ ఏముంటుంది? సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఫలానా పనికే అని స్పష్టంగా ఉండాలి, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి, మనిషి ఏదో ఒక విధంగా చేతల్లో చూపించినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి.

దీనికి రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటా చట్టం కిందికి రాదు. మా అమ్మాయి పుట్టినరోజు ఫొటోలు మా అన్నదమ్ముల గ్రూపులో వేస్తే ఎవరూ అడగరు. కానీ ఇంటిపేరు మీద పెట్టిన వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా చేరొచ్చు. అందులో సగం మంది మొహాలు మనకు తెలియవు. అది ‘ఇంటి అవసరం’ ఎంతవరకు అవుతుందో కోర్టులే తేల్చాలి. రెండో తలుపు, మనిషి తనంతట తాను బహిరంగపరిచిన డేటా. ఒకామె తన ఫొటో తానే అందరికీ కనబడేలా పెట్టుకుంటే ఈ చట్టం దానికి వర్తించదు. దాన్ని తీసుకెళ్లి చీరల దుకాణం ప్రకటనలో వేసుకోవచ్చని కొందరు అనుకుంటారు. అక్కడ ఇంకో చట్టం, కాపీరైటు, అడ్డం పడుతుంది.

విలేకరుల సంగతి కూడా చెప్పాలి. 2018, 2019 నాటి ముసాయిదాల్లో పత్రికా రచనకు మినహాయింపు ఉండేది. 2023 చట్టంలో అది లేదు. శ్రీకాకుళంలో ధర్నా ఫొటో వేసే స్థానిక విలేకరి ప్రతి మొహాన్నీ అడిగి వెయ్యాలంటే పత్రికలు నడవవు. నాకైతే ఆ మినహాయింపు ఉంచితేనే బాగుండేదనిపిస్తుంది. అధికారంలో ఉన్నవాళ్ల ఫొటోలు ఆపించడానికి ఈ చట్టాన్ని వాడుకునేవాళ్లు తప్పక పుడతారు.

పెళ్లికూతురి ఫ్లెక్సీ

మా వైపు ఒక పట్నంలో జంక్షన్ దగ్గర ఒక స్టూడియో ఫ్లెక్సీ ఉండేది. నిండుగా నగలు పెట్టుకున్న పెళ్లికూతురు, కింద స్టూడియో నంబరు. నాకు తెలిసినవాళ్ల అమ్మాయే. పెళ్లయిన ఏడాదిన్నరకి ఆ సంబంధం తెగిపోయింది. ఫ్లెక్సీ తెగలేదు. ఉద్యోగానికి బస్సెక్కాలంటే రోజూ ఆ అమ్మాయి తన బొమ్మ కిందే నిలబడాలి. తండ్రి వెళ్లి అడిగితే స్టూడియో ఆయన ఆశ్చర్యపోయాడు. "అదేటి బావగారూ, అప్పుడు మిమ్మల్ని అడిగే కదా కట్టాను!"

నిజమే, అడిగాడు. ఆ అడగడం వెనక చట్టం కూడా ఉంది. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఫొటోకి తొలి హక్కుదారు తీసినవాడే. కానీ డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోని పక్షంలో, డబ్బిచ్చినవాడే హక్కుదారు. పెళ్లి ఫొటోలు స్టూడియోవి కావు, డబ్బు కట్టిన తండ్రివి. చాలామంది ఫొటోగ్రాఫర్లకే ఈ సంగతి తెలీదు, ఫైళ్లు తమ హార్డుడిస్కులో ఉన్నాయి కాబట్టి తమవే అనుకుంటారు. ఈయన తండ్రిని అడిగాడు కాబట్టి కాపీరైటు లెక్కలో తప్పు చెయ్యలేదు.

అడగాల్సిన రెండో మనిషిని మాత్రం అడగలేదు. ఫొటో మీద హక్కు ఒకరిది, ఫొటోలోని మొహం ఇంకొకరిది. కాపీరైటు మొదటివారిని చూసుకుంటుంది. రెండోవారిని చూసుకోవాల్సింది ప్రైవసీ హక్కు, డేటా చట్టం. స్టూడియో ప్రచారానికి వాడుకోవడం ఎవరి ఇంటి అవసరమూ కాదు కాబట్టి అమ్మాయి సమ్మతి వేరే కావాలి. ఆ రోజు ఒప్పుకున్నా ఈ రోజు వెనక్కి తీసుకునే హక్కూ ఉంటుంది. మన ఇళ్లలో పెళ్లికూతురి తరఫున ఎవరో ఒకరు ‘సరే’ అనడం అలవాటు. చట్టానికి ఆ అలవాటు తెలీదు.

ఫ్లెక్సీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కింద అరడజను వరసల్లో చిన్న చిన్న మొహాలుంటాయి కదా, ఆ కుర్రాళ్లలో ఎంతమందికి తాము అక్కడ ఉన్నట్టు తెలుసో కనుక్కోండి. ఎన్నికల ఏడాదిలో ఇది నవ్వుకునే సంగతి కాదు.

పుచ్చుకునే చెయ్యి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ప్రాణం కంటే ఎక్కువగా పెంచుకున్న చెట్లు అవి. తర్వాతి వారాల్లో సాయం బాగా వచ్చింది. బియ్యం, నూనె, దుప్పట్లు, టార్పాలిన్లు. దాంతోపాటు ఫొటోలూ వచ్చాయి. ఒక దుప్పటికి అటు ఐదుగురు, ఇటు ఒకరు. అటువాళ్లు కెమెరాని చూస్తుంటారు, ఇటు మనిషి నేలను చూస్తుంటాడు.

ఆ నేల చూపులో ఉన్నది సమ్మతేనా? ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఎవరూ వద్దనలేదు. కానీ పది ఎకరాల తోట ఉన్న రైతు, జీవితంలో మొదటిసారి చెయ్యి చాపినప్పుడు, అవతల దుప్పటి పట్టుకున్నవాడు ‘ఒకసారి ఇటు చూడండి’ అంటే వద్దని ఎలా అంటాడు? వద్దంటే దుప్పటి రాదేమోనన్న అనుమానం ఉన్నంతసేపూ ‘సరే’కి విలువ లేదు. కొత్త చట్టంలో ‘స్వేచ్ఛగా’, ‘షరతు లేకుండా’ అన్న మాటలు పడింది ఇలాంటి చోట్ల కోసమే. దాతలకు లెక్క చూపాలి కదా అంటారు. చూపాలి. సరుకు దింపుతున్న లారీ, వేలిముద్రల పుస్తకం, వరసలో పెట్టిన సంచులు తీసినా లెక్క తెలుస్తుంది. తీసుకునేవాళ్ల మొహం లెక్కలో భాగం కాదు.

ఉద్దానంలోనే ఇంతకన్నా సున్నితమైన వ్యవహారం ఇంకొకటి ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఊళ్లను తినేస్తోంది. అక్కడ వైద్య శిబిరం పెట్టని సంస్థ లేదు. శిబిరం అయ్యాక ఫొటోలు రాకుండా ఉండవు. బీపీ చూపించుకుంటున్న చెయ్యి అయితే పర్వాలేదు. ఫలానా ఊరి మనిషికి ఫలానా జబ్బని ఫొటోతో సహా చెప్పేస్తే, ఆ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే, సంబంధం వెనక్కి పోతుంది. ఎవరూ కారణం చెప్పరు, ఊరుకుంటారంతే. వైద్యుల వృత్తి నియమావళి (2002) అయితే రోగి గుర్తు తెలిసేలా ఫొటో గానీ కేసు వివరం గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదని వైద్యుల్ని కట్టడి చేస్తుంది. శిబిరం నిర్వాహకుడికి, బ్యానరు కట్టిన క్లబ్బుకి ఆ నియమావళి లేదు. డాక్టరు పక్కనే నిలబడి మిగతావాళ్లు తీసుకుపోతారు.

ఇక పిల్లలు. ఇక్కడ చట్టం నిక్కచ్చిగా ఉంది కాబట్టి పెద్దగా చర్చించేది లేదు. డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండేవరకు తల్లిదండ్రుల నుంచి, నిర్ధారించుకోగలిగే రీతిలో, సమ్మతి కావాలి. లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ఫొటో, బడి, ఇరుగుపొరుగు, గుర్తు తెలిసే ఏ వివరమైనా మీడియాలో రాకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ అంటుంది. బాల నేరస్తులకూ, సంరక్షణ అవసరమైన పిల్లలకూ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అదే రక్షణ ఇస్తుంది. మన పంద్రాగస్టు ఫొటోల్లో జరుగుతున్నది ఏమిటంటే, పిల్ల మొహం, గుండె మీద పేరు బ్యాడ్జి, వెనక బడి బోర్డు, కింద ‘ఏడో తరగతి’ అన్న రాత, నాలుగూ కలిపి ఒకే చోట వేస్తున్నారు. ఏదో ఒకటి తగ్గించినా మేలే.

పోయినవాళ్ల విషయం ఎవరూ ఎత్తరు. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగినప్పుడు, అంబులెన్సులు రాకముందే ఫోన్లలో వీడియోలు వచ్చేశాయి. రెయిలింగు దగ్గర ఇరుక్కున్న ఆడవాళ్లు, చెదిరిన బట్టలు, కార్తీక ఏకాదశికి పెట్టుకున్న బొట్టు. మనిషితో పాటే ప్రైవసీ హక్కు పోతుందనీ, వారసులకు అది సంక్రమించదనీ ఢిల్లీ హైకోర్టు 2023లో, నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో చెప్పింది. అది పేరున్న నటుడి జీవితం మీద తీసిన సినిమా గురించి. తల్లి ఆఖరి క్షణాలు గ్రూపులో చూసి సంగతి తెలుసుకున్న కూతురికి ఆ తీర్పులో ఏ జవాబూ లేదు. ఆ ఒక్కపూట నేను ఏ వీడియోనూ ముందుకు పంపలేదు, ఇద్దరు స్నేహితులతో గొడవ మాత్రం పెట్టుకున్నాను.

మొహం కప్పితే చాలదా

చాలామంది మొహం మీద ఒక ఎమోజీ అతికించి చేతులు దులుపుకుంటారు. హైదరాబాదులో అయితే సరిపోతుందేమో. మా పల్లెల్లో మొహం అక్కర్లేదు. నడక చూసి, చీర చూసి, ముంజేతి పచ్చబొట్టు చూసి ‘ఇది ఫలానా వారి కోడలు’ అని చెప్పేస్తారు. బయటివాళ్ల నుంచి మొహం కప్పడం రక్షిస్తుంది, ఊరివాళ్ల నుంచి రక్షించదు. ఎవరికి భయపడుతున్నారో తెలిస్తే గానీ ఏం కప్పాలో తెలీదు.

బయటివాళ్లకి వేరే దార్లున్నాయి. ఇప్పుడు పెళ్లిళ్లలో గేటు దగ్గర ఒక క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. దాన్ని స్కాన్ చేసి సెల్ఫీ ఇస్తే, మన మొహం ఉన్న ఫొటోలన్నీ ఏరి మన ఫోన్‌కి వస్తాయి. సరదాగా ఉంటుంది. కానీ నా మొహాన్ని ఏరాలంటే ముందు ఆ పెళ్లికొచ్చిన వందలాది మొహాల కొలతలన్నీ యంత్రం తీసుకోవాలి. సెల్ఫీ ఇచ్చినవాడు ఒప్పుకున్నాడు, భోజనాల బంతిలో వెనక కూర్చున్న పెద్దాయన దేనికి ఒప్పుకున్నాడు? ఫేస్‌బుక్ అంతటి సంస్థ 2021 నవంబరులో మొహాలు గుర్తుపట్టే పద్ధతిని ఆపేసి, వంద కోట్లకు పైగా మనుషుల మొహాల నమూనాలు చెరిపేస్తామని ప్రకటించింది. వాళ్లు అప్పుడు వదిలేసిన పనిని మన కల్యాణ మండపాల్లో మనం తలకెత్తుకున్నాం.

చిన్న సంగతి ఒకటి, ఎక్కువమందికి తెలియనిది. ఫోన్‌తో తీసిన ఫొటో లోపల, లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది రాలిపోతుంది. క్లారిటీ పోకూడదని ‘డాక్యుమెంటు’గా పంపితే అలాగే వెళ్తుంది. భర్తకు తెలియకుండా వేరే ఊళ్లో తలదాచుకున్న ఆడమనిషి ఫొటో అలా పంపితే అడ్రసు రాసి ఇచ్చినట్టే.

మా సాహిత్య సభల్లో ఇప్పుడు కొన్ని అలవాట్లు చేసుకున్నాం. మొదట్లో ఆహ్వానపత్రం కింద ‘సభలో ఫొటోలు తీయబడును, హాజరు కావడమే అంగీకారంగా భావించబడును’ అని ఒక లైను వేశాం. మహా తెలివైన పని అనుకున్నాం. కానీ ఆ లైను ఎవరూ చదవరు, చదివినా రావడం ఒక్కటే ఒప్పుకోలు కింద లెక్కకు రాదు. మైకులో చెప్పడం మొదలుపెట్టాం. ఎడమ వైపు రెండు వరసల్లోకి కెమెరా తిరగదని చెప్తాం. మొదటి సభలో ఆ వరసలు ఖాళీగా ఉంటాయనుకున్నాం. నిండిపోయాయి. ఒకాయన జ్వరమని సెలవు పెట్టి విశాఖ నుంచి వచ్చాడు. ఒకామె కథలు మారుపేరుతో రాస్తుంది, ఇంట్లో తెలీదు. ఒక రిటైర్డ్ మాస్టారు మాత్రం ఫ్యాను అక్కడే బాగా తగులుతుందని కూర్చున్నారు.

దూరం నుంచి గుంపును తీస్తే అడగం. ఒక మనిషిని ఏరితే, తీశాక దగ్గరికెళ్లి తెర మీద చూపించి, ఎక్కడ పెడతామో చెప్పి అడుగుతాం. ముందే అడిగితే ఆ క్షణం పోతుంది, ఫొటోగ్రాఫర్ల ఈ బాధలో నిజముంది. కానీ తీశాక అడగడానికి ఏ క్షణమూ అడ్డురాదు. పెట్టిన ఫొటో కింద ఒక నంబరు ఉంటుంది. తీసెయ్యమని ఫోన్ వస్తే కారణం అడగం. కారణం అడగకూడదన్న నియమం మీద మాలో మాకు చాలా వాదన జరిగింది. అరటిపండు సంగతి చెప్పాక ఆగిపోయింది.

అసభ్యంగా మార్ఫింగ్ చేసిన వాటికి మాత్రం ఇంత మర్యాద అక్కర్లేదు. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద రహస్యాంగాల చిత్రాలు ఒప్పుకోలు లేకుండా తీసినా పంచినా మూడేళ్ల దాకా జైలు. 2021 ఐటీ నిబంధనలు ఇలాంటి వాటి మీద బాధితులు ఫిర్యాదు చేస్తే సామాజిక మాధ్యమాల సంస్థలు 24 గంటల్లో తొలగించాలని గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు కుదించారు. ముందు స్క్రీన్‌షాటు, లింకు భద్రపరుచుకుని, తర్వాతే ఫిర్యాదు చెయ్యాలి. కంగారులో చాలామంది తమ ఫోన్లోది చెరిపేసుకుంటారు, పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదు.

పోయిన ఏడాది జాతరకి మళ్లీ వెళ్లాను. కోట దగ్గర బొరుగులు అమ్ముకుంటున్న ఒక ముసలమ్మ, సిరిమాను తన ముందు నుంచి వెళ్తుంటే బేరం ఆపి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తీశాను. జనం కాస్త పలచబడ్డాక వెళ్లి చూపించాను. కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది. "పెట్టొచ్చా అమ్మా, ఫోన్లలో అందరూ చూస్తారు" అన్నాను.

"అందరంటే ఎవులు?"

చెప్పడానికి ప్రయత్నించాను. ఊళ్లవాళ్లు, వేరే దేశాల్లో ఉన్న మన జిల్లా వాళ్లు, ఎవరైనా. ఆవిడ ఆలోచించింది. "దేసాలోలు సూత్తే సూసుకోని. మా ఈదిలోలు సూడకూడదు. దణ్ణమెట్టీసినాది గానీ చీటీ డబ్బులు కట్టనేదంటారు" అంది. అలా వీధిని వదిలేసి దేశాలకు మాత్రమే చూపించే ఏర్పాటు ఎక్కడా లేదని చెప్పాను. "అయితే వొగ్గీ నాయినా. ఒక పెద్ద బొమ్మ కడిగించి తెచ్చీ, గోడకి ఏసుకుంటాను."

ఎనిమిది బై పన్నెండు ప్రింటు, లామినేషన్ చేయించి ఇచ్చి వచ్చాను. ఫైలు నా దగ్గర ఉంది. అరటిపండు ఫొటో కన్నా అది బాగుంటుంది.